మాకు శాంపిల్ కోటా ఉంది

సైన్సు పరిశోధనలో శ్రీకాకుళం డిగ్రీ పిల్లలకు చోటు దొరకడం లేదని కొందరు వాపోతున్నారు. ఇంతకంటే అన్యాయమైన మాట ఉండదు. కిడ్నీ జబ్బులతో అల్లాడుతున్న మా ఉద్దానంలో ఏ కుర్రాణ్ణయినా అడగండి. ఓసారి రక్తమిచ్చాడు, ఓసారి మూత్రమిచ్చాడు, ఇంకోసారి ఇంటి బోరు నీళ్లు సీసాలో పట్టి ఇచ్చాడు. ఇంకెంత చోటు కావాలి?

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలకు పెద్ద సంస్థలవాళ్లు ఏళ్ల తరబడి వచ్చి పోతూనే ఉన్నారు. కిడ్నీలు పాడవడానికి ఇదీ కారణమని మాత్రం ఇంకా తేలలేదు. నీళ్లని ఒకరు, ఎండలో చాకిరీ అని ఒకరు, పురుగుమందులని మరొకరు. ఈలోగా అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా ఎదురుపడితే, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష గురించి "క్రియాటిన్ ఏటొచ్చింది బాబూ?" అని పలకరిస్తోంది. బయోకెమిస్ట్రీ రచ్చబండ దాకా వచ్చిన జిల్లా ఇంకోటుంటే చూపించండి.

పైగా ప్రభుత్వం ఊరుకుందా? సైన్సు డిగ్రీ చదివేవాళ్లకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 20,000 వేసవిలో శాస్త్రవేత్త దగ్గర ప్రాజెక్టు చేయడానికే. ఇంటర్ మార్కుల్లో పైనున్న ఒక్క శాతంలో ఉంటే చాలు. అంటే వెనకబడినవాడు ముందు అందరికంటే ముందుకొచ్చి నిలబడాలి, అప్పుడు చెయ్యందిస్తారు. లెక్క లెక్కే కదా.

అమెరికా వాళ్లకు ఈ కిటుకు తెలీదు. మేరీలాండ్‌లోని ఒక యూనివర్సిటీ 1988లో మేయర్‌హాఫ్ స్కాలర్స్ అని ఒకటి మొదలుపెట్టింది. నల్లజాతి పిల్లల్ని క్లాసులు మొదలవకముందే వేసవిలో పిలిపించి, ఒకచోట ఉంచి చదివించి, డబ్బులిచ్చి, ల్యాబుల్లోకి తోలింది. వాళ్లలో చాలామంది పీహెచ్‌డీలు చేసేశారు. శాంపిల్స్‌గా పనికొచ్చేవాళ్లను చేజేతులా శాస్త్రవేత్తల్ని చేసుకున్నారు, పాపం.

మనం అంత తొందరపడం. మొన్న ఒక కాలేజీలో "గ్రామీణ విద్యార్థులు - పరిశోధన" కార్యక్రమం ప్రారంభిస్తే వెళ్లాను. దీపం వెలిగించారు, శాలువాలు కప్పారు, ముఖ్య అతిథి గంటసేపు మాట్లాడారు. తర్వాత ల్యాబ్ చూపించమన్నాను. మైక్రోస్కోపులు అద్దాల బీరువాలో భద్రంగా ఉన్నాయి. తాళంచెవి ల్యాబ్ అసిస్టెంటు దగ్గరుందట. ఆయన రిటైరై విశాఖలో కూతురి దగ్గరుంటున్నారట.

పిల్లల ప్రాజెక్టు రికార్డులు మాత్రం చూపించారు. అన్నీ బస్టాండు ఎదురు జిరాక్సు షాపులోనే పుట్టాయి. స్పైరల్ బైండింగు, పైన ప్లాస్టిక్ అట్ట. సోంపేట వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి రికార్డులో అంశం కిడ్నీ వ్యాధి. లోపల మూడుచోట్ల వేరే ఊరి పేరుంది, సీనియర్ రికార్డులోంచి మార్చడం మర్చిపోయింది.

"మీ ఊరి గురించే రాయొచ్చు కదమ్మా?" అన్నాను.

బ్యాగులోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసింది. వాళ్ల నాన్నది. డయాలసిస్‌కి వెళ్లిన ప్రతి తేదీ, వెళ్లేముందు బరువు, వచ్చాక బరువు, క్రియాటినిన్, ఆ రోజు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాడో, అన్నీ వరసగా గీతలు కొట్టి రాసి ఉన్నాయి. నాలుగేళ్లవి. ఇంటర్‌లో చేరినప్పటి నుంచి ఆమే రాస్తోందట.

"ఇది సార్‌కి చూపించాను," అంది. "ఫార్మాట్‌లో లేదన్నారు."