ప్రహరీ బయటి జనానికి చెప్పవలసింది

సైరన్ మోగించడానికి విశాఖలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలో 36 చోట్ల ఏర్పాటు ఉంది. ఒక్క చోట కూడా ఎవరూ మోగించలేదు. 2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల వేళ గోడ పక్కనే ఉన్న ఆర్‌ఆర్ వెంకటాపురం ఇళ్లను ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ ద్రవపు ఆవిరి కమ్ముకుంటుంటే జనాన్ని నిద్ర లేపింది ఘాటైన వాసన, కళ్ల మంట, ఇరుగుపొరుగు కేకలు. ఎల్జీ పాలిమర్స్ దుర్ఘటనపై రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ నివేదికలో మమ్మల్ని ఇప్పటికీ కలచివేసేది ఈ అంశమే. 12 మంది ప్రాణాలు పోయాయి, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, కొట్టాల్లో కట్టేసిన పశువులు కట్టేసినచోటే చనిపోయాయి. స్టైరీన్ నిల్వ తొట్టి ఎందుకు వేడెక్కిందో ఇంజనీర్లు తేల్చారు. గోడ అవతల నిద్రపోతున్నవారిని ఎందుకు లేపలేదన్న ప్రశ్నకు మాత్రం ఈ నగరం ఇంకా సరైన జవాబు వెతుక్కోలేదు.

విశాఖకు రసాయనాలు కొత్త కాదు. రేవు, చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం, ఉక్కు కర్మాగారం ఈ ఊరికి అన్నం పెట్టాయి. పరవాడ, అచ్యుతాపురం మందుల పరిశ్రమలు వేల కుటుంబాలను నిలబెట్టాయి. వాటిని మూసెయ్యాలని మేము ఎన్నడూ అనలేదు, ఇప్పుడూ అనడం లేదు. కానీ 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ చమురు శుద్ధి కర్మాగారంలో వంటగ్యాస్ అంటుకుని దాదాపు 60 మంది మరణించారు. 2020లో వెంకటాపురం నుంచి రెండు నెలలైనా గడవకముందే పరవాడలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఇద్దరిని బలి తీసుకుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసైన్షియా మందుల కర్మాగారంలో ద్రావకం కారి, ఆవిరి పేలి 17 మంది కార్మికులు చనిపోయారు. ప్రతిసారీ పరిహారం ప్రకటించారు, కమిటీ వేశారు, కొన్ని వారాలు తనిఖీలు ముమ్మరం చేశారు. ఆ తరువాత అంతా మామూలే. ఈ వరుసలో ఎప్పుడూ చోటు దక్కనిది ఒకటుంది: మన ఇంటి వెనుక గోడ అవతల ఏ రసాయనం నిల్వ ఉందో, అది బయటికి వస్తే మనం ఏం చేయాలో ముందుగా, మన భాషలో, మనకు చెప్పడం.

పేరు తెలియడం ఎందుకంత ముఖ్యమో అమోనియాతో మొదలుపెట్టి చెప్పవచ్చు. ఈ నగరంలో అమోనియా ఎరువుల కర్మాగారానికే పరిమితం కాదు. రొయ్యలు, చేపలు శుద్ధి చేసే షెడ్లలోనూ, ఐసు కర్మాగారాల్లోనూ, శీతల గిడ్డంగుల్లోనూ చల్లదనాన్నిచ్చేది అదే. పెద్ద తొట్లలో దాన్ని సున్నాకు 33 డిగ్రీలు దిగువన ద్రవంగా ఉంచుతారు. ఒక లీటరు ద్రవం బయటపడితే ఎనిమిది వందల లీటర్లకు పైగా వాయువు అవుతుంది. వాయువుగా అది గాలి కంటే తేలిక, కాబట్టి పైకి పోతుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. పీడనం కింద ఉన్న గొట్టం పగిలినప్పుడు మాత్రం సన్నని తుంపరలతో కలిసి, చుట్టూ ఉన్న తేమను గడ్డకట్టించి, తెల్లని పొగమంచులా నేలను అంటుకునే పాకుతుంది. పుస్తకం చదివి మేడ దిగినవాడు నేరుగా అందులోకి నడుస్తాడు.

అమోనియాకు నీళ్లంటే అమిత ప్రీతి. ఒక లీటరు నీరు వందల లీటర్ల అమోనియా వాయువును కరిగించుకుంటుంది. అందుకే ఆ మేఘం మీద నీటిని తుంపరగా చిమ్మితే చాలావరకు అణగిపోతుంది. ముక్కుకు, నోటికి కట్టుకున్న తడి గుడ్డ కూడా ఆ ఘాటును కొంత ఆపుతుంది, బయటపడేందుకు కొన్ని నిమిషాలు దొరుకుతాయి. కానీ నేల మీద మడుగు కట్టిన ద్రవ అమోనియా మీద అవే నీళ్లు గుమ్మరిస్తే అది ఒక్కసారిగా మరిగి మేఘం ఇంకా పెరుగుతుంది. సాయపడాలని బకెట్టు పట్టుకుని పరుగెత్తే మనిషికి ఈ తేడా ముందే తెలిసి ఉండాలి. మన ఒంట్లో తడిగా ఉండే చోట్లనే, అంటే కళ్లు, గొంతు, ఊపిరితిత్తులనే అది కాల్చడానికి కారణమూ ఆ ప్రీతే. కళ్లలో పడితే రెప్పలు విప్పి పట్టుకుని కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో విరుగుడు చేయబోతే ఉన్న చూపూ పోతుంది. చర్మానికి అతుక్కుని గడ్డకట్టిన బట్టను లాగకూడదు, నీళ్లు పోసి మెత్తబరిచాకే తీయాలి.

ఇప్పుడు స్టైరీన్ సంగతి చూడండి. దాని ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు. పల్లంలోకి, కాలవల్లోకి, కింది అంతస్తు గదుల్లోకి దిగుతుంది. నీటిలో దాదాపు కరగదు. కాబట్టి అమోనియాకు కొంత పనికొచ్చిన తడి గుడ్డ దీనికి అక్కరకు రాదు. వెంకటాపురం నాడు కూడా తడి గుడ్డ కట్టుకోమనే సలహానే ఊరంతా వినిపించింది. క్లోరిన్ కూడా గాలి కంటే రెండున్నర రెట్లు బరువు, అక్కడ మేడెక్కడమే మేలు. హైడ్రోజన్ సల్ఫైడ్ మరీ దగా చేస్తుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, మోతాదు పెరిగితే వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. కంపు పోయింది కదా అని లోపలికి వెళ్లినవాడు తిరిగి రాడు. అతన్ని లాగబోయి రెండోవాడు, వాళ్లిద్దరి కోసం మూడోవాడు పోవడం మన మందుల కంపెనీల్లోనూ, మురుగు గుంతల్లోనూ ఎన్నిసార్లు చూడలేదు? సొంత గాలి సిలిండరున్న శ్వాస పరికరం లేకుండా ఎవరూ దిగకూడదు. అన్నదమ్ముడే అయినా సరే, దిగకూడదు.

అన్నింటికీ వర్తించే మాట ఒకటుంది. గాలి ఎటు వీస్తోందో చూడాలి. మిద్దె మీద ఆరవేసిన బట్టలు, గొట్టాల పొగ చెబుతాయి. గాలికి ఎదురుగానో, గాలి వెంటనో పరుగెత్తకుండా అడ్డంగా పక్కకు తప్పుకోవాలి. విశాఖలో ఇది మరీ కీలకం. పగలు సముద్రం మీద నుంచి ఊరి వైపు వీచే గాలి రాత్రికి తిరగబడి నేల మీద నుంచి సముద్రం వైపు మళ్లుతుంది. ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండల మధ్య ఇమిడిన పల్లపు నగరంలో గాలి స్తంభించే రాత్రులూ ఉంటాయి. మల్కాపురంలో గ్యాసు ఎటు పాకుతుందో పగటి పూటకు గీసిన పటం అర్ధరాత్రికి పనికిరాకపోవచ్చు. ఇక పాలు తాగితే, బెల్లం తింటే గ్యాసుకు విరుగుడన్న నమ్మకం మన కార్మిక వాడల్లో బలంగా ఉంది. పీల్చిన వాయువుకు కడుపులోకి వెళ్లే పదార్థమేదీ మందు కాదు. పైగా గొంతు కాలినవారి చేత ఏదైనా తాగించడం ప్రమాదం. మొదట బాగానే ఉన్నట్టు కనిపించిన మనిషికి కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. కాబట్టి దగ్గు తగ్గిందని ఇంటికి పంపడం కాదు, ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండాలి. అత్యవసర విభాగంలోని వైద్యునికి రోగి కంటే ముందే రసాయనం పేరు చేరాలి.

ఆ పేరు నిజానికి మన కళ్ల ముందే తిరుగుతోంది. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గరో, గాజువాక దగ్గరో ట్రాఫిక్‌లో మీ ముందు ఆగిన ట్యాంకరు వెనుక భాగం చూడండి. గడులు గీసిన ఒక పలక ఉంటుంది. అందులో నాలుగు అంకెలు ఉంటాయి. 1005 అంటే అమోనియా. 1017 అంటే క్లోరిన్. 1075 వంటగ్యాసు, 2055 స్టైరీన్. పక్కనే వజ్రం ఆకారపు గుర్తు, దాని కింద అత్యవసరంలో చేయవలసిన ఫోను నంబరు. ప్రపంచమంతటా అగ్నిమాపక సిబ్బంది ఆ అంకెలతోనే పని మొదలుపెడతారు. బోల్తాపడిన ట్యాంకరు చుట్టూ మూగి ఫోనులో బొమ్మలు తీసే బదులు దూరం నుంచే ఆ నాలుగు అంకెలు చదివి 112కు చెప్పగలిగితే సగం పని అయినట్టే. దారి పక్క దుకాణదారులకు, ఆటో డ్రైవర్లకు, బడి పిల్లలకు ఇది నేర్పడానికి ఒక్క పూట చాలు.

చట్టం లేదని ఎవరూ సాకు చెప్పలేరు. భోపాల్ తరువాత 1989లో కేంద్రం తెచ్చిన ప్రమాదకర రసాయనాల నియమాల్లో పదిహేనవ నియమం తేటగా చెబుతోంది: ప్రమాదం ఎలాంటిదో, జరిగితే ఏం చేయాలో, ఏం చేయకూడదో ప్రహరీ బయట ఉండేవారికి తెలియజేయడం యాజమాన్యం బాధ్యత. నేరుగానైనా చెప్పాలి, జిల్లా యంత్రాంగం ద్వారానైనా చెప్పాలి. కర్మాగారం లోపలి ప్రణాళికకు ఆరు నెలలకొకసారి, బయటి ప్రణాళికకు ఏడాదికొకసారి అభ్యాసం జరగాలి. 1996 నాటి రసాయన ప్రమాదాల నియమాలు మరో అడుగు ముందుకు వేసి, పారిశ్రామిక ప్రాంతాల్లో స్థానిక సంక్షోభ బృందాలు ఏర్పాటు చేయమన్నాయి. వాటిలో అగ్నిమాపక అధికారి, వైద్యులు, సర్పంచి లేదా స్థానిక పెద్ద, సామాజిక కార్యకర్తలు ఉండాలి. స్థానిక పత్రిక సంపాదకునికీ చోటు ఉంది. అంటే ఈ బాధ్యతలో మాకూ వాటా ఉంది. సమాచారం జనానికి చేరకపోతే చట్టం ముందు మేము ప్రేక్షకులం కాము.

అభ్యాసాల తీరు మారాలని మేము గట్టిగా కోరుతున్నాము. ముందే ప్రకటించిన తేదీన, పని దినాన, పట్టపగలు, గేటు లోపల, హెల్మెట్లు పెట్టుకున్న ఉద్యోగులతో జరిగే విన్యాసం వల్ల ఉద్యోగులకు మేలు జరుగుతుంది, కాదనము. గోడ అవతలి అవ్వకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. వెంకటాపురం ప్రమాదం రాత్రి జరిగింది. ఈసారి అభ్యాసం రాత్రి జరగాలి, కాలనీలో జరగాలి. సైరన్ హెచ్చుతగ్గులుగా మోగితే ముప్పు వచ్చిందని, ఒకే స్థాయిలో మోగితే తప్పిందని పిల్లలకు కూడా తెలియాలి. తలుపులు మూసి, కూలర్లు ఆపి, సందుల్లో తడి గుడ్డలు దూర్చి ఇంట్లోనే ఉండాలా, బయటికి వెళ్లాలా అన్నది రసాయనాన్ని బట్టి, అది కారే వ్యవధిని బట్టి మారుతుంది. ఆ నిర్ణయం ఎవరు తీసుకుంటారు, ఎన్ని నిమిషాల్లో మైకులో చెబుతారు? మంచం పట్టిన వృద్ధులు, నెలలు నిండిన గర్భిణులు ఏ ఇళ్లలో ఉన్నారో వార్డు సచివాలయంలో జాబితా ఉందా? తుపాను హెచ్చరికలకు ఫోన్లన్నీ ఒకేసారి మోగించే సాంకేతికత దేశంలో ఉంది. గ్యాసు లీకైనప్పుడు ఒక్క గోపాలపట్నం ఫోన్లనే తెలుగులో మోగించడానికి అడ్డేమిటి?

ఇలా చెబితే జనం బెదిరిపోతారని పరిశ్రమల వారు కొందరు అంటారు. 1997లో ఈ నగరం ఎందుకు బెదిరిందో గుర్తు చేసుకోండి. శుద్ధి కర్మాగారం తొట్లు ఒకదాని తరువాత ఒకటి పేలతాయన్న పుకారుతో జనం కట్టుబట్టలతో ఊరు వదిలి పరుగెత్తారు. అప్పుడు వారి దగ్గర పుకారు తప్ప వేరే సమాచారం లేదు. ఏం నిల్వ ఉందో, ఎంత దూరం వరకు ముప్పో ముందే తెలిసిన జనం అలా పరుగెత్తరు.

లోపలి జాగ్రత్తలను తక్కువ చేయడం లేదు. స్టైరీన్ తనంతట తాను గట్టిపడుతూ వేడెక్కే ద్రవం. దాన్ని అదుపులో ఉంచే నిరోధకాన్ని కలిపితే చాలదు, అది పనిచేయడానికి ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగి ఉండాలి, తొట్టి చల్లగా ఉండాలి, ద్రవం కదులుతూ ఉండాలి. వెంకటాపురంలో లాక్‌డౌన్ వారాల్లో తొట్టి కదలకుండా ఉండిపోయింది. ఉష్ణోగ్రత కొలిచే సాధనం అడుగున ఉంది, పై పొరలు వేడెక్కుతున్న సంగతి అది చెప్పలేదు. పనులు ఆగిన కర్మాగారం ప్రమాదం లేని కర్మాగారం కాదన్న పాఠం పండుగ సెలవులకు, మరమ్మతులకు, సమ్మెలకు కూడా వర్తిస్తుంది. శీతల గిడ్డంగుల్లో అమోనియా ప్రమాదాలు తరచు జరిగేది గొట్టాల్లో పేరుకున్న యంత్రాల నూనె తీసేటప్పుడు. ఆ పని ఒంటరి కాంట్రాక్టు కూలీకి అప్పగించకూడదు. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చిన కుర్రవాడికి ఇంగ్లిషులో ఉన్న భద్రతా పత్రం చేతికిచ్చి సంతకం తీసుకుంటే శిక్షణ ఇచ్చినట్టు కాదు.

విశాఖ, అనకాపల్లి జిల్లాల కలెక్టర్లకు, కర్మాగారాల శాఖకు మా విన్నపం ఇది. పెద్ద ప్రమాదానికి అవకాశమున్న ప్రతి కర్మాగారం తన దగ్గరున్న రసాయనాల పేర్లు, చేయవలసినవి, చేయకూడనివి ఒకే పుటలో తెలుగులో రాసి చుట్టుపక్కల ప్రతి ఇంటికీ, బడికీ, ఆసుపత్రికీ ఇవ్వాలి. స్థానిక సంక్షోభ బృందాలు ఎప్పుడు సమావేశమయ్యాయో, ఏం తేల్చాయో వార్డు సచివాలయం గోడ మీద పెట్టాలి. రాబోయే మే నెల లోపు కనీసం ఒక్క అభ్యాసం రాత్రి పూట జనావాసంలో జరపాలి. కర్మాగారాలు పంపిన పుటలను ప్రాంతాలవారీగా ఈ పత్రికలో ఉచితంగా ప్రచురిస్తాము, పంపనివారి పేర్లనూ ప్రచురిస్తాము. స్థానిక సంక్షోభ బృందంలో సంపాదకునికి చట్టం కేటాయించిన చోటుకు పిలుపు వస్తే హాజరవుతాము, అక్కడ తేలినదాన్ని మరుసటి రోజే పాఠకుల ముందు ఉంచుతాము.