తరుగుదల గారికి పర్లాకిమిడి నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ తరుగుదల గారి దివ్యసముఖానికి,

పర్లాకిమిడి కాపురస్థుడు, ఓడీ 20 నెంబరు బండి యజమాని నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. నేను క్షేమం, కుడి మోకాలు తప్ప. మీరు క్షేమంగా ఉన్నారని బీమా కంపెనీ సర్వేయరు గారి లెక్క చూశాక తెలిసింది.

బండి పార్టుల వయసు చూసి బీమా డబ్బులో కోత పెట్టేది మీరేనట. మీతో నాకు పాత పరిచయం లేదు. పాలసీ కట్టించుకున్న రోజున ఏజెంటు గారు మీ ఊసే ఎత్తలేదు. "ఏటైనా అయితే కంపెనీయే చూసుకుంటాదండీ" అన్నారంతే. తీరా చూస్తే పాలసీ కాగితంలో మీరు మొదట్నుంచీ ఉన్నారట, చీమల బారులాంటి ఇంగ్లీషు అక్షరాల్లో. వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊళ్లోనే పాఠాలు చెప్పారు. ఆ కాగితం ఒక్కసారి ఆయన చేతిలో పడి ఉంటే గ్రాంథికవాదుల్ని క్షమించి వదిలేసేవారు.

సంగతేమిటంటే, సంక్రాంతి వెళ్లాక మా ప్రాంతంలో కొందరు ఉలవ కట్టెని రోడ్డు మీద పరుస్తారు. వచ్చేపోయే బళ్లు తొక్కితే నూర్పిడి అయిపోతుంది, కూలి కలిసొస్తుంది. పాతపట్నం దగ్గర అలాంటి కట్టె మీద నా ముందు చక్రం జారింది. ఉలవలు నా కింద, బండి నా మీద. రైతు పరిగెత్తుకొచ్చి లేవదీసి టీ తాగించాడు. చెదిరిన కట్టె దగ్గరికి తొయ్యడానికి నేనూ ఓ చెయ్యేశాను. మా ఇద్దరి సెటిల్మెంటు అక్కడితో ముగిసింది. మీతోనే ముగియలేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటే ఉండిపోయింది. పెళ్లిళ్లకీ సంతలకీ ఆ గీత ఎప్పుడూ అడ్డం రాలేదు. క్లెయిముకి వచ్చింది. బండి ఒడిశాది, పడింది ఆంధ్రాలో, స్టేషన్లో ఇచ్చిన కాగితం తెలుగులో, చదవాల్సిన బాబు బరంపురంలో. ఫారంలో ప్రమాద కారణం దగ్గర ఉలవలని రాశాను. ఫోన్ చేసి, ఎదుటి బండి నెంబరు ఎందుకు నింపలేదని అడిగారు.

సర్వేయరు గారు వచ్చేదాకా బండి మీద చెయ్యి వెయ్యకూడదట. అందాకా అది షెడ్డు వసారాలో ఉంది, సీటు మీద కోళ్లు కాపురం పెట్టాయి. ఆయన వచ్చి ఫొటోలు తీసుకుని, పెన్ను వెనక భాగంతో ఒక్కో పార్టునీ తట్టి చూశారు. ముందు ఫోర్కు దగ్గర ఆగి "రిపేరు" అని రాశారు. కొత్తది వెయ్యక్కర్లేదు, తిన్నగా తీస్తే చాలని దాని భావం. ఆయన వెళ్లాక మా మెకానిక్ ఆ పైపు నిమురుతూ "తిన్నగా తీసెయ్యగలను బాబూ. మళ్లీ గోతిలో పడితే ఎటు వంగుతాదో మాత్రం నానేటి చెప్పలేను" అన్నాడు. చివరికి కొత్త ఫోర్కే వేయించాను. ఆ తేడా డబ్బు నా ఖాతా. నా కాలు నలగకుండా కాపాడిన లెగ్ గార్డు బయట వేయించింది, పాలసీలో రాయలేదు గనక అది లెక్కలోకే రాలేదు. ఫోర్కు ఆయిలు కూడా అంతే, ఖర్చయిపోయే సరుకట.

ఇక మీ ప్రతాపం. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్‌లో మీ పట్టిక ఉంది, కంపెనీలు ఇప్పటికీ దాన్నే పూజిస్తున్నాయి. ఇనప సామాను మొదటి ఆర్నెల్లూ చెక్కుచెదరదు. ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15. నా బండి నాలుగో ఏట ఉంది, కాబట్టి 25. ఇంతవరకూ సరే, ఇనుము తుప్పు పడుతుంది. కానీ ప్లాస్టిక్కు, రబ్బరు మాత్రం షోరూము గుమ్మం దాటిన రోజు నుంచే 50 శాతం! ప్లాస్టిక్ వందల ఏళ్లయినా మట్టిలో కలవదని బళ్లో పిల్లలకి చెబుతున్నాం. మీ దగ్గర అది పుడుతూనే సగం చచ్చింది. గాజుకేమో తరుగే లేదు! ముట్టుకుంటే పగిలే గాజు మీ రాజ్యంలో చిరంజీవి. ఆశపడి హెడ్‌లైటు చూపించాను. ఈ కాలం హెడ్‌లైట్లు ప్లాస్టిక్కువేనని సర్వేయరు గారు పెన్నుతో మళ్లీ తట్టి చూపించారు. ఆ హెడ్‌లైటు డూము ధర నేను బండి కొన్ననాటి కంటే పెరిగింది. మీరు మాత్రం ఆ కొత్త ధరలోంచే పాత తరుగు తీశారు.

మీరు మా ఇంటికి రాకుండా ఉండాలంటే జీరో డెప్ అని విడిగా కట్టాలట. మీకు ముట్టే మామూలన్నమాట. మా వీధిలో చాలామందికి ఆ బాధ లేదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బళ్లకి ఐదేళ్ల థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ల నష్టానికి బీమా, ఒకేసారి కట్టించుకుంటున్నారు, సొంత బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజీ మొదటి ఏడాదితోనే వదిలేసేవాళ్లే ఎక్కువ. తమ బండికి పైసా రాదు గనక వాళ్లకి మీ ముఖం చూసే అవసరం లేదు. అదృష్టవంతులు.

మూడేళ్లు క్లెయిము లేకుండా నడిపినందుకు నాకు ఓన్ డ్యామేజీ ప్రీమియంలో 35 శాతం తగ్గింపు, బోనస్ పేరుతో ఉండేది. ఈసారి రెన్యువల్‌లో అది సున్నా. మీరు కోసిందీ, పోయిన బోనసూ, ఫోర్కు తేడా కూడి చేతికి వచ్చినదాని పక్కన పెడితే, అసలు క్లెయిము పెట్టకుండా ఉండాల్సిందని మా ఆవిడ కాగితం మీద లెక్క వేసి చూపించింది. ఆమె సర్వేయరు కాదు, కానీ ఆ రిపోర్టు మీద అప్పీలు లేదు.

నా మనవి ఒకటే. పక్షపాతం మానండి. ఓన్ డ్యామేజీ ప్రీమియం బండి విలువతో పాటు కొంత దిగుతుందని ఒప్పుకుంటాను. కానీ 75 నుంచి 150 సీసీ బండికి 2022లో నిర్ణయించిన ఏడాది థర్డ్ పార్టీ 714 రూపాయలు నిన్ననే ఐదేళ్లు నిండిన బండికీ, మా తాతయ్య నాటి బండికీ ఒక్కటే. అటువైపు మీరు తొంగి చూడరేం? నా మోకాలు నలభై దాటింది, మీ పట్టిక ప్రకారం దాని విలువ సగమే. డాక్టరు గారు మాత్రం పూర్తి ఫీజు తీసుకున్నారు. ఆయన దగ్గరికి వెళ్లడానికి మీకు భయమా?

ఇట్లు,
25 శాతం పోను మిగిలిన
మీ పాలసీదారు

తా.క.: తప్పనిసరి కోత పేరుతో వంద రూపాయలు ఇంకెవరో తీసుకున్నారు. తమరి బంధువులేనా? అడ్రసు పంపిస్తే వారికీ ఒక ఉత్తరం రాసుకుంటాను.