సర్పంచ్ గారూ, ఫొటోలు సరే.. ఖాతాలో ఎంతుంది?

2025 డిసెంబర్‌లో తెలంగాణలో మూడు విడతల పంచాయతీ ఎన్నికలు ముగిసి కొత్త పాలకవర్గాలు కొలువుదీరినప్పటి నుంచి వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి పల్లెల్లో వాట్సాప్ గ్రూపులకు తీరిక లేదు. పొద్దున లేస్తే ఫొటో. జేసీబీ పక్కన సర్పంచ్. హెల్పర్ స్తంభమెక్కి బల్బు బిగిస్తుంటే కింద నిలబడి పైకి చూస్తున్న సర్పంచ్. మోరీలో పూడిక తీస్తుంటే ఒడ్డున చేతులు కట్టుకున్న సర్పంచ్. వాటి కింద వరుసగా దండాలు, పూలగుత్తులు.

ఈ హడావుడిని వెక్కిరించాలని నాకు లేదు. పాత పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లోనే తీరిపోయింది. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. వాళ్లకు తమ శాఖ పనే తలకు మించినది, ఊరి పని అదనం. ఎన్నికైన పాలకవర్గం లేదని 15వ ఆర్థిక సంఘం కింద కేంద్రం ఇచ్చే నిధులు ఆగిపోయాయి. ట్రాక్టర్‌కు డీజిల్, బ్లీచింగ్ పౌడర్, కాలిపోయిన బోరు మోటారుకు రిపేరు.. చాలాచోట్ల కార్యదర్శులే జేబులోంచి పెట్టుకున్నారు. అలాంటి ఊళ్లో వీధిదీపం వెలగడం వార్తే మరి.

కానీ ఒక్క ఫొటో మాత్రం ఈ గ్రూపుల్లో అరుదు. పంచాయతీ ఖాతా పాస్‌బుక్ ఆఖరి పేజీ ఫొటో.

కారణం ఊహించలేనిదేం కాదు. ఈసారి బాండ్ పేపర్ మీద హామీలు రాసిచ్చిన అభ్యర్థులున్నారు. కోతుల బెడద తీరుస్తామన్నవాళ్లకైతే లెక్కే లేదు. మక్కచేను మీద, ఇంటి పైకప్పు మీద, ఆఖరికి పొయ్యి మీది గిన్నె దాకా కోతులు వచ్చే ఊళ్లలో అంతకు మించిన ఓట్ల హామీ ఉండదు. తీరా గెలిచాక చూస్తే కోతులు పట్టేవాళ్లు ఒక్కో కోతికి ఇంత అని అడుగుతారు, ఖాతాలో ఆ డబ్బు ఉండదు. కరెంటు బిల్లు బాకీ, ట్రాక్టర్ కిస్తీ, సఫాయి కార్మికుల జీతాలు ముందే వరుసలో నిలబడి ఉంటాయి. ఇవన్నీ బయట పెడితే చేతకానివాడంటారని, ఓడినవాడు ఎగతాళి చేస్తాడని టెన్షన్. అందుకే బల్బు ఫొటో వస్తుంది, బాకీ సంగతి రాదు.

నా దృష్టిలో ఇది తప్పుడు లెక్క. ఖజానా ఖాళీ అని ఊరికి తెలియదా? పంచాయతీ పన్నులు వసూలు చేసే కారోబార్‌కు తెలుసు, ట్రాక్టర్ డ్రైవర్‌కు తెలుసు, సాయంత్రానికి హోటల్ దగ్గర అందరికీ తెలుసు. తెలియనిదల్లా వివరమే. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించారు. ఆ 60 శాతంతో గల్లీలో సీసీ రోడ్డు వేయడం కుదరదు. సర్పంచ్ ఈ ఒక్క మాట ముందే చెబితే, డబ్బులు వచ్చాయట, మా గల్లీకి రోడ్డెందుకు వేయడు అన్న గొడవ సగం తగ్గుతుంది. చెప్పకపోతే దానికి కులమో పార్టీయో కారణమని జనమే చెప్పుకుంటారు.

పాత సర్పంచుల బిల్లులు ఇంకో చిక్కు. అప్పులు తెచ్చి వైకుంఠధామాలు (శ్మశానవాటికలు), డ్రైనేజీలు కట్టించి, బిల్లుల కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లున్నారు. కొత్త సర్పంచ్ గ్రూపులో పెట్టే తన మొదటి సమాచారంలోనే ఊరి పేరు మీద ఉన్న పాత బాకీలు ఏవో చెబితే అది పాతవాడికి మేలు, తనకూ మేలే. రేపు తనూ అదే వరుసలో నిలబడాల్సి రావచ్చు.

ఇంకో సంగతి. సగం సర్పంచ్ పదవులు మహిళలవి. గ్రూపులో మాత్రం చాలా ఊళ్లలో మాట్లాడేది భర్త. ‘మా ఆధ్వర్యంలో’ అని ఆయన పెడతాడు, ఫొటోలో ఆమె ఓ పక్కన ఉంటుంది. సంతకం ఆమెది, రేపు ఆడిట్‌లో అభ్యంతరం వస్తే నోటీసూ ఆమెకే. సమాచారం కూడా ఆమె గొంతుతోనే, వాయిస్ మెసేజ్‌గానైనా సరే, రావాలని అడగడం ఊరి హక్కు.

గ్రూపే వద్దనడం లేదు. ఊరి ఓటర్లలో కొందరు సూరత్, భీవండిలో ఉన్నారు. జగిత్యాల, నిర్మల్ వైపైతే దుబాయ్‌లో, మస్కట్‌లో ఉన్నారు. రాత్రి డ్యూటీ దిగి రూముకొచ్చాక తన ఇంటి ముందు నల్లా వస్తుందో లేదో వాళ్లు చూసుకునేది అక్కడే. అయితే గ్రూపులో అడ్మిన్‌కు నచ్చని ప్రశ్న అడిగితే రిమూవ్ చేస్తారు. గ్రామసభలో నుంచి ఎవరినీ అలా రిమూవ్ చేయలేరు.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. నిజంగా జరిగేదేమిటో ఊళ్లలో అందరికీ తెలుసు. ముందురోజు చాటింపు ఉండదు, పదిగంటలకు నలుగురు కూర్చుంటారు, రిజిస్టర్ ఇంటింటికీ తిరిగి సంతకాలు తెచ్చుకుంటుంది. పొలం పనుల వేళ పొద్దున పదింటికి సభ పెడితే ఎవరొస్తారు? సాయంత్రం పెట్టి, వారం ముందు గ్రూపులో జమా ఖర్చు వేసి, ప్రశ్నలు సభలో అడగమంటే రెండూ పనికొస్తాయి.

వరంగల్ పక్కనే గీసుగొండ మండలం గంగదేవిపల్లి ఉంది. నీళ్లకో కమిటీ, పారిశుద్ధ్యానికో కమిటీ వేసుకుని ఊరే పనులు పంచుకుంది. పన్నులు వందశాతం కట్టే ఊరిగా పేరు తెచ్చుకుంది. దూరప్రాంతాల నుంచి వచ్చి చూసిపోతారు. మన సర్పంచులూ బస్సెక్కి వెళ్లొచ్చారు, అక్కడా ఫొటోలు దిగారు. కమిటీల మాట మాత్రం తిరుగు బస్సులోనే ఆగిపోయింది. తన రూపాయి ఎక్కడికి పోతుందో కనబడితేనే జనం ఇంటి పన్ను అడిగించుకోకుండా కడతారు. ప్రభుత్వ నిధులు ఆలస్యమైనప్పుడు పంచాయతీ చేతిలో మిగిలే సొంత ఆదాయంలో అదే ముఖ్యమైనది. ఏటా మార్చి 31 దగ్గర పడుతుంటే కారోబార్ రసీదు పుస్తకం పట్టుకుని గడప గడపకూ తిరుగుతాడు. పోయినేడు కట్టినదాంతో ఏం చేశారని ఏ గడపలోనైనా అడిగితే చూపించడానికి ఆయన చేతిలో కాగితం ఒకటి ఉండాలి. అది రాసి ఇవ్వాల్సింది సర్పంచే.