కొండ మీద పాదుకలు

ఇది నిన్న ఆదివారం జరిగింది. అరికాళ్లు ఇంకా మండుతున్నాయి కాబట్టి నా మాటల్లో ఎక్కడైనా కారం తగిలితే అది అరికాళ్ల నుంచి వచ్చిందే అనుకోండి.

కార్తీకమాసం, వనభోజనాలు, మా బావమరిది. ఈ మూడూ ఒకచోట కలిశాయంటే మా ఇంట్లో ఎవరికో ఒకరికి మూడినట్లే. ఈసారి ఆడలి వ్యూ పాయింటు అన్నాడు. శ్రీకాకుళంలో తెల్లవారకముందే బస్సెక్కి పాలకొండ, అక్కడి నుంచి సీతంపేట, ఆ తరువాత ఆటో. కొండ మొదట్లో ఆటో ఆపించి అందరినీ దింపేశాడు. "ఇది పైదాకా వెళ్తుంది కదా?" అన్నాను. "ఆటోలో ఎక్కితే అది ట్రెక్కింగు ఎలా అవుతుంది బావా?" అన్నాడు. ఈ మాట అన్నది మా డాబా మీద పెట్టిన వడియాలు తీసుకురమ్మంటే మోకాళ్ల నొప్పులని మంచమెక్కే మనిషి. ఘాట్‌రోడ్డు మీద మేము రొప్పుతూ నడుస్తుంటే పక్కనుంచి ఆటోలు వెళ్లాయి. వాటిలోని జనం మొక్కు తీర్చుకునేవాళ్లను చూసినట్లు మమ్మల్ని చూశారు.

ఎక్కడం గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఎక్కాం.

బూట్ల గురించి మాత్రం చెప్పాలి. ఆరేళ్ల క్రితం రక్తంలో చక్కెర హద్దు మీద నిలబడిందని, రోజూ నడవాలని డాక్టరుగారు చెప్పారు. ఆ సాయంత్రమే వెళ్లి 2,800 రూపాయలు పోసి నడకబూట్లు కొన్నాను. రెండు రోజులు నడిచాను. మూడోరోజు వాన. నాలుగో రోజు నుంచి అవి అంత ఖరీదైన బూట్లని గుర్తుకొచ్చి, ఊరికే రోడ్డు మీద అరగదీయడం దేనికని, డబ్బాలో పెట్టి అటక మీదకు చేర్చాను. మొన్న శనివారం దింపి చూస్తే కొత్త పెళ్లికొడుకులా మెరుస్తున్నాయి. దాచుకున్న వస్తువు ఎప్పటికైనా పనికొస్తుందని మా ఆవిడకు చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ ఉపన్యాసం ఇవ్వకుండా ఉండాల్సింది.

పైకి చేరేసరికి వ్యూ పాయింటు ఉంది, వ్యూ లేదు. కొండల వరసలు, లోయ అన్నీ మబ్బు కింద ఉన్నాయట. మా ముందున్నది మాత్రం ఆరబెట్టిన తెల్ల దుప్పటి. జనం ఆ దుప్పటి ముందే నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. అందులో ఒక కుటుంబం వాళ్లు, పది మందికి తక్కువ ఉండరు, అంతమందిలో నన్నే ఎంచుకుని నా చేతికి ఫోను ఇచ్చారు. బూట్లు చూసి పెద్దమనిషిననుకుని ఉంటారు.

"అందరూ పడాలండీ, కొంచెం వెనక్కి వెళ్లండి" అన్నారు. ఒక అడుగు వేశాను. "ఇంకొంచెం." ఇంకొకటి వేశాను. మూడో అడుగులో కుడికాలు వచ్చింది, బూటు సోలు రాలేదు.

నొప్పి లేదు, చప్పుడు లేదు. కాలి కింద నేల ఒక్కసారిగా చల్లబడింది, అంతే. మంచు పడ్డ గడ్డి తడి సాక్సులోంచి నెమ్మదిగా పైకి పాకుతోంది. తలవంచి చూస్తే బూటు శుభ్రంగా ఉంది. తాడు బిగించి ఉంది, ముడి చెదరలేదు, పక్కన కంపెనీ గుర్తు నిగనిగలాడుతోంది. ఒక్క అడుగే లేదు. అంటే నా కాలికి ఉన్నది బూటు కాదు, బూటు ఆకారంలో ఉన్న గొడుగు. మా నాయనమ్మ ఇంట్లో అడుగు ఊడిన ఇత్తడి బిందె ఒకటి ఉండేది. చూసేవాళ్లకు బిందే, నీళ్లు పోసేవాళ్లకు గొట్టం. దాన్ని పారేయమంటే "చూడ్డానికి బాగానే ఉంది కదరా" అనేది. సరిగ్గా ఆ బిందెలో నేను కాలు పెట్టి నిలబడ్డాను. సోలు మాత్రం రెండడుగుల ముందు గడ్డిలో, నేను అక్కడే ఉన్నానన్నట్లు, వేళ్లు ఫోటో దిగేవాళ్ల వైపు పెట్టుకుని పడి ఉంది.

ఏమీ జరగనట్లు మరో అడుగు వెనక్కి వేశాను. ఎడమ బూటు ఎందుకు ఊరుకుంటుంది, జంట కదా. దాని సోలూ ఆగిపోయింది.

ఆ కుటుంబం నవ్వు ముఖాలు పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఫోటో తీశాను. రెండోది కూడా తీశాను. అప్పుడు వాళ్ల పిల్లవాడు పరుగెత్తుకొచ్చి, ఒక సోలు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "తాతగారూ, ఇది మీదేనా?" అని కొండంతా వినబడేలా అడిగాడు. నాకు నలభై తొమ్మిది. తాత అన్నందుకు నొచ్చుకోవాలో, సోలు నాదేనని ఒప్పుకోవాలో తేల్చుకునేలోపే జనం మబ్బును వదిలేసి నా కాళ్లను చూడటం మొదలుపెట్టారు. మొత్తానికి ఆ ఉదయం ఆడలిలో కనబడిన వ్యూ నేనే.

భరతుడైతే ఆ పాదుకలను నెత్తిన పెట్టుకుని వెళ్లేవాడు. మా బావమరిది ఫోటో తీశాడు.

దిగే దారిలో కట్టెల మోపులతో వస్తున్న ఇద్దరు సవర గిరిజన ఆడవాళ్లు ఆగారు. వాళ్లలో పెద్దావిడ నా నడక చూసి మోపు దించింది, అడ్డతీగ నార తీసింది, సోళ్లను కాళ్ల కింద పెట్టించి, కట్టెలకు వేసినట్లే రెండు చుట్లు చుట్టి బిగించింది. ఆవిడ కాళ్లకు చెప్పులు లేవు. "ఎంతకు కొన్నారు బాబూ?" అని అడిగింది. చెప్పాను. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. పక్కావిడ వైపు తిరిగి సవరలో ఏదో అంది, అందులో "రెండు వేల ఎనిమిది వందలు" మాత్రం తెలుగులో వినబడింది. ఇద్దరూ మలుపు తిరిగేదాకా నవ్వుకుంటూనే వెళ్లారు. మన జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని నిఘంటువే తయారుచేశారు. నాకు ఆ భాషలో నాలుగు ముక్కలు వచ్చి ఉంటే నా గురించి ఏమనుకున్నారో తెలిసేది. తెలియకపోవడమే నయమేమో. నార కట్టు మాత్రం శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సు దిగేదాకా సడలలేదు.

ఇవాళ పొద్దున్నే బూట్ల దుకాణానికి ఫోను చేశాను. "ఎన్నాళ్లు వాడారు సార్?" అన్నాడు కుర్రాడు. రెండు రోజులన్నాను. "అదే సార్ తప్పు. వాడకుండా ఉంచితే సోలు పొడి అయిపోతుంది" అన్నాడు. మా అబ్బాయి కూడా అదే మాట. ఆ సోలులో ఉండే పాలీయురేథేన్‌ను గాలిలోని తేమ ఏళ్ల తరబడి లోపల నుంచి కొరుక్కుతింటుందట, తొడిగినా తొడగకపోయినా. ఈ ముక్క అమ్మేటప్పుడు చెప్పకూడదా? డబ్బా మీద "ఎండలో ఉంచరాదు" అని రాసినవాళ్లకు "అటక మీద ఉంచరాదు" అని రాయడానికి చోటు దొరకలేదా? వారంటీ ఉందా అంటే, కొన్న రోజు నుంచి మూడు నెలలట. అప్పటికి నేను వాటిని తొడిగింది రెండుసార్లు!

మా ఆవిడ మాత్రం నన్ను ఓదార్చింది. సీతంపేట 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది కదా, "పోనీలెండి, పోయిన పరువు మన జిల్లాలో పోలేదు" అంది.

అదీ దక్కలేదు. బావమరిది ఆ ఫోటోను కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. బొబ్బిలి నుంచి పెద్దత్తగారు, "అల్లుడుగారి కాళ్లకు ఆ కట్లేమిటి, ఎముక విరిగిందా?" అని అడిగారు. బావమరిది "లేదత్తా, ట్రెక్కింగు" అని జవాబిచ్చాడు. ఆవిడ ఇప్పుడు నాకు ఫోను చేస్తున్నారు. మోగుతోంది.