రుజువు అడిగేవాళ్లేరీ?

పసుపుతో క్యాన్సర్ తగ్గుతుందని చెప్పి సీసా అమ్మేవాణ్ని ‘రుజువేదీ?’ అని ముందే నిలదీయాల్సిన ప్రభుత్వం, ఆ పని తనది కాదని చేతులు దులుపుకుంది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల ప్రకటనలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ 2018లో ఔషధ నిబంధనల్లో 170వ నిబంధన తెచ్చింది కేంద్రమే. 2024 జులైలో ఎత్తేసిందీ కేంద్రమే. ఆ ఎత్తివేతపై సుప్రీంకోర్టు విధించిన స్టే కూడా 2025 ఆగస్టులో తొలగిపోయింది. రోగాలు నయం చేస్తామనే మోసపు ప్రకటనలను అడ్డుకునే 1954 నాటి చట్టం ఉంది కదా అంటారు. ఉంది. ప్రకటన ఊరంతా తిరిగి, ఎవరో ఫిర్యాదు చేశాక కదిలితే కదులుతుంది.

మొక్కల్లో మందు లేదని ఎవరన్నారు? పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్ వచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్‌కు ఈనాటికీ అది వాడుతున్నారు. పసిఫిక్ యూ చెట్టు బెరడులో దొరికిన క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్‌కు 1992లో అమెరికా అనుమతిచ్చింది. కానీ విన్‌క్రిస్టిన్‌ను మిల్లీగ్రాముల్లో కొలిచి సిరలోకి ఎక్కిస్తారు. మోతాదు మించితే నరాలు దెబ్బతింటాయి. అదే మొక్క ఆకులు నమిలితే ఒంటికి చేరేది మందు కాదు, విషం. రుజువు చేసే పనంటే ఇదంతా.

మరి పసుపు? అందులోని కర్క్యుమిన్ ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలను అడ్డుకుంది, వాపునూ తగ్గించింది. మింగితే మాత్రం రక్తంలో చేరేది బహు తక్కువ. పసుపులో అది ఉండేదే నూటికి 3 పాళ్ల చుట్టూ. ఒంటికి పట్టాలని మిరియాల సారం కలిపిన క్యాప్సూళ్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికలకెక్కాయి. 2024 నవంబరులో ఓ మాజీ క్రికెటర్ తన భార్య క్యాన్సర్ వేప, పసుపు, నిమ్మరసంతో తగ్గిందని చెబితే, టాటా మెమోరియల్‌కు చెందిన 262 మంది క్యాన్సర్ వైద్యులు సంతకాలు పెట్టి మరీ అది నమ్మొద్దని చెప్పాల్సి వచ్చింది. ఆమెకు ఆపరేషన్, కీమో కూడా జరిగాయన్న సంగతి ఆ గోలలో కొట్టుకుపోయింది.

సంప్రదాయ వైద్యాన్ని చిన్నచూపు చూడొద్దన్న మాట సరే. అయితే చిన్నచూపు చూస్తున్నదెవరు? పసుపుకు గాయం మాన్పే గుణముందంటూ 1995లో అమెరికాలో పేటెంట్ ఇస్తే, మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, పత్రాలు ముందు పెట్టి వాదించి 1997లో దాన్ని రద్దు చేయించింది. పరాయి దేశంలో కాగితం కాగితం చూపి గెలిచినవాళ్లం, సొంత గడ్డపై మాత్రం రుజువు అడగడం అవమానమట! అల్లోపతి మాత్రకు దశలవారీ పరీక్షలు కావాలి, ఆయుర్వేదమని చీటీ అతికిస్తే ప్రకటన చూసే నాథుడు కూడా అక్కర్లేదు. ఇదేం న్యాయం? నేడు క్యాన్సర్‌కు వదిలేస్తే రేపు షుగర్‌కు, కిడ్నీకి ఇదే దారి.

170ని వెనక్కి తేవాలి. కేంద్రానికి మనసొప్పకపోతే లైసెన్సులిచ్చే రాష్ట్రాలు 1954 చట్టాన్నైనా వాడాలి. కీమో మధ్యలో మానేసి, గడ్డ ముదిరాక హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి గేటు దగ్గర దిగే రోగికి ఆయుష్ శాఖ ఏం చెబుతుందో అదీ ప్రకటనగానే వేయించాలి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.