ఐదే ఐదు నిమిషాలట!

కుక్కను కారులో పెట్టి తాళం వేసి వెళ్లేవాళ్లందరిదీ ఒకటే పాట: "ఐదు నిమిషాల్లో వచ్చేస్తాం." దుకాణంలో వరుస ఎంత పొడవుందో వీళ్లకు ముందే తెలుసు కాబోలు!

"అద్దం కాస్త దించాం కదా" అంటే మరీ ఒళ్లు మండుతుంది. ఆ వేలెడు సందు వల్ల ఒరిగేదేమీ లేదు. అద్దాల్లోంచి వచ్చిన ఎండ సీట్లనూ డ్యాష్‌బోర్డునూ కాలుస్తుంది, ఆ వేడి బయటికి పోలేక లోపలే పేరుకుంటుంది. బయట 24 డిగ్రీలున్న హాయైన రోజున కూడా పది నిమిషాల్లో లోపల 34 దాకా, అరగంటలో 43 దాకా చేరుతుంది. ఇక నడివేసవి సంగతి చెప్పాలా?

మనకైతే ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు అరికాళ్లలో తప్ప దాదాపు పట్టదు. నాలుక చాపి రొప్పడమే దానికున్న ఉపాయం. చుట్టూ గాలే కాగిపోతుంటే ఎంత రొప్పితే ఏం లాభం? అద్దం మీద మూతి తడి మరకలు, తలుపు లోపలివైపు గోళ్ల గీతలు, సీటంతా చొంగ. అవి చూసి "మావాడికి బయటికి రావాలని ఆత్రం" అని మురిసిపోయేవాళ్లున్నారు. ఆత్రం కాదు మహాశయా, ప్రాణం మీదికొచ్చింది! పగ్ లాంటి చప్పిడిముక్కు జాతులైతే ఇంకా తొందరగా కుప్పకూలతాయి. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటిందంటే వడదెబ్బే. మెదడు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

నీడలో పెట్టామంటారు ఇంకొందరు. నీడ జరుగుతుందని చిన్నపిల్లలకూ తెలుసు.

అద్దం తట్టి, యజమాని కోసం వెతికితే, "మా కుక్క, మా ఇష్టం" అని నామీదే కస్సుమన్నాడొక పెద్దమనిషి. ఇంట్లో చల్లగా పడుకున్న దాన్ని వెంట తెమ్మని ఎవరు బతిమాలారండీ?