చిన్నమ్మ పాటకు క్లెయిమ్ వచ్చింది

జానపద పాట అంటే పాతదై ఉండాలని, దాన్ని కట్టినవాళ్లెవరో తెలియకూడదని పట్నంలో చాలామందికి ఒక నమ్మకం. మా చిన్నమ్మకు ఈ రూలు ఎవరూ చెప్పలేదు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు బతుకమ్మ ఆడటానికి ఉన్న పాటలు చాలవంటుంది. అందుకే ఏటా పాత వరసలోనే కొత్త మాటలు కూర్చి పాడేస్తుంది. ఒక ఏడు రేషన్ కార్డు మీద, ఇంకో ఏడు కంది చేనులో పడ్డ కోతుల మీద. వాటిని పోగుచేసి చుట్టాలకు వాట్సాప్‌లో పంపడం నా పని. ఈ పనికి జీతం లేదు, తిట్లయితే ఉన్నాయి.

ఫోన్ ఎదురుగా పెట్టామా, చిన్నమ్మ గొంతు మారిపోతుంది. కొంగు సర్దుకుని, కళ్లు మూసుకుని, ఎవరూ అడగని వినాయకుడి పాట ఎత్తుకుంటుంది. అసలు పాట కావాలంటే ఫోన్‌ను తంగేడు పూల గంప పక్కన పడేసి, ఛార్జింగ్ అయిపోయిందని చెప్పాలి. అది అబద్ధమని ఆమెకూ తెలుసు. అయినా అప్పుడే గునుగు పూలకు రంగు అద్దుతూ, వేళ్లన్నీ గులాబీ రంగులో నానుతుండగా, తనలో తానే మొదలుపెడుతుంది. మొన్నటి పండక్కి బోరు మోటరు కాలిపోయింది. పాట ఇలా వచ్చింది:

మోటరు కాలింది ఉయ్యాలో
మొగులన్న రాదాయె ఉయ్యాలో
వైండింగు జేసెటోడు ఉయ్యాలో
వారమాయె రాడు ఉయ్యాలో
ఫోను జేస్తె వాడు ఉయ్యాలో
తొవ్వల ఉన్ననంటడు ఉయ్యాలో

రెండో సగంలో కుక్కర్ విజిల్, "పప్పుల ఉప్పేసినవా?" అని పక్కింటి అత్త అడగడం కూడా వినిపిస్తాయి. ఆ రోజు ముద్దపప్పు బతుకమ్మ కాబట్టి అది పాటలో భాగమే అనుకున్నవాళ్లూ ఉన్నారు.

చిన్నమ్మ మనవడు ఇంటర్ చదువుతున్నాడు. వాడు దాన్ని ఒక వీడియోల సైట్‌లోకి ఎక్కించాడు. సాయంత్రానికల్లా మెయిల్: ఈ సంగీతం మాది అని ఎవరో ఛానెల్ వాళ్లు క్లెయిమ్ పెట్టారు. మనిషెవరూ కూర్చుని విని చెప్పిన మాట కాదది. హక్కుదారులమని చెప్పుకున్నవాళ్లు ముందే ఇచ్చిన పాటలతో కొత్తగా ఎక్కిన ప్రతి వీడియోనూ కంప్యూటరే పోల్చి చూస్తుంది. ఆ ఛానెల్ వాళ్లు అదే వరసకు డీజే దరువు కలిపి 'సరికొత్త జానపదం' అని వదిలారు. వాళ్ల ఇళ్లలోనూ అవ్వలుండే ఉంటారు కదా! బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో జానపద గేయ సాహిత్యం మీదే డాక్టరేట్ చేశారు. ఆ కాలంలో ఈ కంప్యూటర్ ఉండి ఉంటే ఆయనకు డాక్టరేట్ బదులు నోటీసు వచ్చేది.

మనవడు వాకిట్లో నిలబడి ఊరంతా వినేలా అరిచాడు: "నానమ్మా, క్లెయిమ్ వచ్చిందే!"

మా వైపు క్లెయిమ్ అంటే రైతుబీమానే. 2018లో మొదలైన పథకం. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు రైతు పోతే ఇంటివాళ్లకు 5 లక్షలు వస్తాయి. రైతు బతికుండగా ఆ క్లెయిమ్ వచ్చిన ఇల్లు లేదు. చిన్నాయనకు యాభై ఎనిమిది. ఆ టైంలో పొలం దగ్గర ఉన్నాడు.

పక్కింటి అత్త కొంగు నోట్లో కుక్కుకుని గోడ దిగింది. వెనకాలే వాడకట్టు కదిలింది. "పొద్దుగాల మంచిగనే చాయ్ తాగె గదా" అని ఒకామె, "గుండెనే అయ్యుంటది, ఆ మోటరు టెన్షన్‌కు" అని ఇంకొకామె. చిన్నమ్మకు ఇవేవీ చెవికెక్కలేదు. మోటరుకు బీమా ఉన్న సంగతి తనకెందుకు చెప్పలేదని మొగుడి మీద అప్పటికే కోపంగా ఉంది.

ఇంతలో చిన్నాయన రానే వచ్చాడు. చేతులకు గ్రీజు, భుజాన తువ్వాల. వాకిట్లో ఏడుస్తున్న ఆడవాళ్లను చూసి చెప్పులు విడిచి, తువ్వాల తీసి చంకలో పెట్టుకుని, అరుగు చివర మెల్లగా కూర్చున్నాడు. కాసేపు తలొంచుకుని, పక్కామెను అడిగాడు: "ఎవరు పోయిండ్రు?"

ఎవరూ జవాబివ్వలేదు. అందరికంటే ఎక్కువ ఏడ్చినామెకే ఎక్కువ కోపం వచ్చింది. గింత ఏడిపిచ్చి ఊకె పంపుతరా అని కూర్చుని చాయ్ పెట్టించుకుంది. మిగతావాళ్లూ తాగారు. చక్కెర అయిపోయింది.

రాత్రి ఆ క్లెయిమ్ తప్పని ఫారం నింపడానికి కూర్చున్నాం. కారణం రాయమంటుంది. చట్టం ప్రకారం పాట కట్టినవాళ్లు పోయాక 60 ఏళ్ల దాకానే వారసులకు హక్కు ఉంటుందని చిన్నమ్మకు చెప్పాను.

"గీ వరస మా అవ్వకు వాళ్లవ్వ నేర్పింది. ఆమెకెవరు నేర్పిండ్రో, ఎన్నడు పోయిండ్రో యముణ్ని అడుగుమను. రాయి కొడుకా, గట్లనే రాయి."

కొంచెం మర్యాదగా మార్చి రాశాను. జవాబివ్వడానికి అవతలివాళ్లకు 30 రోజుల గడువుంటుందని మనవడు చెప్పాడు.

"ముప్పై దినాలా! గా మోటరోడే నయం."

అవతలివాళ్లు గడువు లోపలే క్లెయిమ్ ఎత్తేశారు. సారీ గీరీ ఏం లేదు. ఆ మోటరోడు మాత్రం వాళ్లకంటే చాలా ముందే, సద్దుల బతుకమ్మ నాడే, తెల్లారకుండా వైండింగ్ చేసిన మోటరును బండికి కట్టుకుని వచ్చాడు. దింపి, బిగించి, నీళ్లు పడేదాకా నిలబడ్డాడు. చిన్నమ్మ పైసలు తేబోతే వద్దన్నాడు.

"పైసలు తర్వాత చూద్దాం. ముందుగాల ఆ పాట తీసెయ్యక్కా."

"నీ పేరే లేదు గదరా అండ్ల!"

"పేరు లేకుంటేంది? మా ఇంటిది అన్నం వెట్టుకుంట నా మొకం చూసుకుంట గదే పాడుతున్నది."